చర్చ: వేలి చుక్క చెప్పిన రక్తహీనత అంకెను పట్టుకుని రేషన్ బియ్యంలో ఇనుము కలపొచ్చా?

రేషన్_కార్డు:
జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆర్నెల్లు దాటిన, అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 2015-16లో 60.7 శాతం. 2019-21 విడతకు అది 70 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.6 నుంచి 63.2కి పెరిగింది. దేశం మొత్తానికి 67.1. కానీ 2016-18లో చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే 1-4 ఏళ్ల పిల్లల్లో 41 శాతమే అంటోంది. 67 ఎక్కడ, 41 ఎక్కడ? రేషన్ బియ్యం మొత్తంలో ఇనుము కలుపుతామని 2021 ఆగస్టు 15న ప్రకటించారు. దాన్ని సమర్థించేవాళ్లు చూపించేది పెద్ద అంకెనే, అది వేలికి గుచ్చి తీసిన చుక్కతో వచ్చింది. ఒక్క వేలి చుక్క మీద ఇంత భారం మోపడం తప్పని నా వాదన.

మూడో_చుక్క:
నేనూ మీ వైపే. మొదటిదైన కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలికి, ఏడాది నిండని పసివాళ్లకైతే మడమకు, సూది గుచ్చి చిన్న మీటరుతో చూశారు. చెయ్యి చల్లగా ఉంటే రక్తం రాదు, రాకపోతే వేలు పిండుతారు. పిండితే ఒంట్లోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది, అంకె పడిపోతుంది. అందుకే మొదటి రెండు చుక్కలు తుడిచేసి, మూడో చుక్కను నొక్కకుండా క్యూవెట్‌కు, అంటే మీటరులో పెట్టే చిన్న ప్లాస్టిక్ పలకకు, అందించాలి. క్యూవెట్ ఒకేసారి నిండాలి, సగంలో ఆపి మళ్లీ తాకిస్తే గాలిబుడగ చేరుతుంది. క్యూవెట్ల డబ్బా మూత తీసి ఉంచితే తేమకు లోపలి రసాయనం పాడవుతుంది. ఏడుస్తూ చెయ్యి గుంజుకునే పసిపిల్ల దగ్గర ఇవన్నీ కుదరాలి! రెండోదైన పోషకాహార సర్వేలో నరం నుంచి రక్తం తీసి ల్యాబ్ యంత్రంలో చూశారు.

అడ్డగీత:
ఆగండి, ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడమే కుదరదు. 67 శాతంలో ఆర్నెల్ల నుంచి ఏడాది లోపు పిల్లలున్నారు, 41లో లేరు. రక్తహీనత బాగా ఎక్కువగా ఉండే వయసుల్లో అదొకటి. తేడా అంతా దాంతోనే పోతుందని అనను, కొంత మాత్రం పోతుంది.

ఇంకోటి. చుక్క కొలతలో అటూఇటూ ఊగిసలాట ఉంటే రక్తహీనత ఎక్కువగా కనబడుతుందని చాలామంది అనుకుంటారు. ఈ సర్వేల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత అన్నారు, అదే గీత. పిల్లల సగటు హిమోగ్లోబిన్ 10.3, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పేది) 1.3 అనుకోండి, గీత కింద 70 శాతం పడతారు. కొలత ఊగి విచలనం 1.7 అయితే 66కి తగ్గుతుంది. సగటు గీతకు దిగువన ఉన్నప్పుడు ఊగిసలాట అంకెను తగ్గిస్తుంది. కాబట్టి మీరు నిరూపించాల్సింది ఊగిసలాట కాదు, అందరినీ ఒకే పక్కకు లాగే తప్పు. పిండడం అలాంటిదే, ఒప్పుకుంటాను. కానీ 2015-16లోనూ అదే పద్ధతి కదా, పెరుగుదల ఎలా వచ్చింది? కరోనాతో ముడిపెట్టకండి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫీల్డ్ పని లాక్‌డౌన్‌కు ముందే ముగిసింది. కుటుంబ ఆరోగ్య సర్వే ఆరో విడతలో ఈ పరీక్షే తీసేశారు. పద్ధతి మార్చడం మంచిదే, కానీ పాతదీ కొత్తదీ ఒక విడత పక్కపక్కన నడపకుండా మారిస్తే ఇన్నేళ్ల వరస తెగిపోతుంది.

గిన్నె_కొలత:
రక్తం సంగతి సరే, ఇనుము తక్కువ తింటున్నారని ఎలా తెలుస్తుంది? దానికి ఆహార సర్వే కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1972 నుంచి నడిపిన ఎన్‌ఎన్‌ఎంబీ (జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం) సర్వేల పద్ధతి ఇది: నిన్న వండినదంతా అడిగి, కొలత గిన్నెలు చూపించి, ఎవరెంత తిన్నారో రాయాలి. 150 గ్రాముల కందిపప్పు వండితే 900 మిల్లీలీటర్ల పప్పు అయింది, పాప 60 తిన్నది. 60ని 900తో భాగించి 150తో హెచ్చిస్తే 10 గ్రాముల పచ్చిపప్పు. అంగన్‌వాడీలో తిన్నది తల్లికి తెలియదు, విడిగా అడగకపోతే లెక్కలోకి రాదు. పండగ రోజు మర్నాడు వెళ్తే అంతా తారుమారు.

ఒక్కరోజు లెక్క జనం సగటుకు పనికొస్తుంది. ఎంతమందికి చాలడం లేదో చెప్పాలంటే కొన్ని ఇళ్లకైనా మరో రోజు మళ్లీ వెళ్లాలి. లేకపోతే నిన్న ఒక్క పూట తినని పిల్ల కూడా లోపమున్న పిల్లగా లెక్కలో పడుతుంది.

బియ్యం విషయానికొస్తే, కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము. పూటకు గుప్పెడు అన్నం తినే రెండేళ్ల పిల్లకు రోజుకు 60 గ్రాముల బియ్యం అనుకున్నా వచ్చేది 1.7 నుంచి 2.5 మిల్లీగ్రాములే. పెద్దవాళ్లు ఎక్కువ తింటారు, వాళ్లకు ఎక్కువ చేరుతుంది. పసిపిల్లల అంకె చూపించి అందరి కంచంలో కలపడం, నా అభ్యంతరం అక్కడ.

రేషన్_కార్డు:
అడ్డగీత గారూ, వయసు మాట నిజమే, నా పోలికను ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నా. కానీ హిమోగ్లోబిన్ ఎవరు కొలిచినా రక్తం తక్కువని తెలుస్తుంది గానీ ఎందుకు తక్కువో తెలియదు. ఇనుమా, బీ12ఆ, నులిపురుగులా, జబ్బులా? ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ చూడాలి. జ్వరమో, ఇన్‌ఫెక్షనో ఉంటే ఫెరిటిన్ పెరిగి లోపాన్ని దాచేస్తుంది, కాబట్టి ఇన్‌ఫెక్షన్ ఉందేమో చెప్పే సీఆర్‌పీ పరీక్ష కూడా చూడాలి. అవి రెండూ చూసిన 2016-18 సర్వేలో 1-4 ఏళ్ల పిల్లల్లో ఇనుము లోపం 32 శాతం. బియ్యం గురించి తేల్చుకోవాలంటే ఆ అంకెతో మొదలుపెట్టాలి.

మూడో_చుక్క:
అందులోనూ ఒక చిక్కుంది. నరం రక్తమంటే చల్లటి పెట్టె, రక్తంలోంచి సీరం అనే పలచటి ద్రవాన్ని వేరుచేసే యంత్రం, గడువులోపు ల్యాబ్‌కు చేర్చడం కావాలి. వేలికి గుచ్చనిచ్చే తల్లి కూడా నరానికి సూది అంటే బిడ్డను లోపలికి తీసుకెళ్లిపోతుంది. ఒప్పుకున్న ఇళ్లూ, వద్దన్న ఇళ్లూ ఒకేలా ఉండవు. ఎంతమంది పిల్లల్ని అడిగారో, ఎంతమంది రక్తమిచ్చారో జిల్లాలవారీగా అంకె పక్కనే అచ్చు వేస్తే, అప్పుడు రెండు సర్వేల్నీ మళ్లీ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం.