పాత అమెరికా రాగి సెంట్లు దొరికాయి, చింతపండుతో తోమొచ్చా?

ఫిల్లీ_తెలుగు:
అందరికీ నమస్కారం. మేము ఫిలడెల్ఫియా దగ్గర ఉంటాం. పోయిన శనివారం మా పక్క వీధిలో ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే వెళ్ళాం, అక్కడ ఒక బిస్కెట్ డబ్బాలో గుండీలు, తుప్పు పట్టిన తాళంచెవుల మధ్య మూడు పెద్ద రాగి నాణేలు కనపడ్డాయి. మూడూ కలిపి 70 డాలర్లు అన్నారు, బేరం ఆడకుండా తెచ్చేసుకున్నా. మన పది రూపాయల బిళ్ళ కంటే కొంచెం పెద్దవి. ఒక పక్క ఆడమనిషి ముఖం, ఇంకో పక్క ఆకుల దండ మధ్యలో వన్ సెంట్ అని ఉంది. ఒకటి 1803, ఒకటి 1816, మూడోది బాగా అరిగిపోయింది, 179 వరకు తెలుస్తోంది, చివరి అంకె 8 లాగానూ ఉంది 9 లాగానూ ఉంది. ఆన్‌లైన్‌లో చూస్తే 1799 అయితే వేల డాలర్లు అంటున్నారు, అప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు.

ఇంకో సంగతి, మూడూ నల్లగా ఉన్నాయి, 1803 దాని మీద అక్కడక్కడా పచ్చగా చిలుము పట్టింది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు, రాగి చెంబు తోమినట్టు చింతపండు ఉప్పు పెట్టి తోమితే తళతళలాడతాయి కదా బాబూ అంటున్నారు. తోమొచ్చా? చివరి అంకె ఎలా తేల్చుకోవాలి?

రాగిపిచ్చి_ఒహాయో:
ఆగండి ఆగండి, చింతపండు వాటి దగ్గరకే రానివ్వొద్దు! మీ అత్తగారు చెప్పింది చెంబుకి నూటికి నూరుపాళ్ళు కరెక్టే, చెంబుని రేపు మళ్ళీ తోముకుంటాం, కానీ నాణెం సంగతి వేరు. రెండొందల ఏళ్ళుగా గాలి తగిలి, చేతులు మారి ఆ రాగి మీద ఒక గోధుమ రంగు పొర కట్టింది, అదే దాని చర్మం అనుకోండి. చింతపండులో పులుపు ఆ పొరని తినేసి కిందున్న పచ్చి రాగిని బయటపెడుతుంది, రెండు రోజులు మెరుస్తుంది, తర్వాత మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది, ఆ పాత రంగు మళ్ళీ ఎప్పటికీ రాదు. ఈ సెంట్లు సేకరించేవాళ్ళు చేతిలోకి తీసుకోగానే చూసేది ఆ రంగే. తోమినదని తెలిస్తే సగం ధర కూడా పెట్టరు. నిమ్మకాయ, బ్రాసో, టూత్‌పేస్ట్, ఏదీ వద్దు.

చిలుముకి మాత్రం కొంత చెయ్యొచ్చు. పచ్చగా జిగురులాగా ఉంటే పాత ప్లాస్టిక్ కవర్ల నుంచి దిగినదై ఉంటుంది, దానికి స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ఓ పది నిమిషాలు నానబెట్టి తియ్యండి, రుద్దొద్దు. గోళ్ళ రంగు తీసేది వాడొద్దు, అందులో వాసనలూ నూనెలూ కలుపుతారు. కిటికీ తీసి పెట్టుకోండి, స్టవ్ దగ్గర అస్సలు వద్దు. అదే గట్టిగా గడ్డకట్టిన చిలుము అయితే ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి కొన్ని రోజులు వదిలేసి, మెత్తటి పుల్లతో నెమ్మదిగా కదపాలి. రాకపోతే వదిలెయ్యండి, గీత పడటం కంటే చిలుము ఉండటమే నయం.

ఇక ఆ చివరి అంకె గురించి. ముందు ఆ ముఖం వెనక కర్ర మీద టోపీ ఉందా, లేక జుట్టుకి రిబ్బన్ కట్టి ఛాతీ దగ్గర బట్ట మడతలు కనపడుతున్నాయా చెప్పండి.

ఫిల్లీ_తెలుగు:
టోపీ లేదండి, రిబ్బన్ ఉంది. ఎసిటోన్ మాట అత్తగారికి చెప్పాను, సరే అన్నారు.

రాగిపిచ్చి_ఒహాయో:
అయితే 1796 లేదా ఆ తర్వాతదే, ఎందుకంటే రిబ్బన్ బొమ్మ సెంట్ల మీదకి ఆ ఏడే వచ్చింది, అంతకుముందు టోపీ బొమ్మ. ఇప్పుడు ఒక పది రెట్ల భూతద్దం తీసుకుని, లైటు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, చివరి అంకెని దాని పక్కనున్న 9తో పోల్చండి. కింద కూడా గుండ్రం మూసుకుపోతే 8. నిజం చెప్పాలంటే 8 అయ్యే అవకాశమే చాలా ఎక్కువ, 1798వి పద్దెనిమిది లక్షలకి పైగా కొట్టారు. 9 లాగా కనపడినా వెంటనే సంబరపడొద్దు, 1798 నాణెం మీద 8ని గీకి 9 చేసి అమ్మడం చాలా పాత మోసం. అంకె చుట్టూ గీకిన గుర్తులు, గుంట ఉంటే అనుమానించాలి.

దీనికి ఇంకో మంచి పరీక్ష ఉంది. అప్పట్లో నాణెం కొట్టే అచ్చులు చేత్తోనే తయారుచేసేవాళ్ళు, అక్షరం అక్షరం విడిగా సుత్తితో దించేవాళ్ళు, అందుకే ఏ రెండు అచ్చులూ ఒకేలా ఉండవు. షెల్డన్ అనే ఆయన 1949లో 1793 నుంచి 1814 వరకు సెంట్లకి అచ్చు అచ్చుకీ నంబర్ ఇచ్చాడు. 1798కి అలాంటివి నలభైకి పైగా ఉన్నాయి. 1799కి రెండే, 188, 189. ఆ రెండిటి ఫొటోలూ తీసి మీ నాణెం వెనక వైపు ఆకులూ పళ్ళూ అక్షరాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో పోల్చండి, అంకె అరిగిపోయినా వెనక వైపు అబద్ధం చెప్పదు. నాణెం ఎంత బాగుందో చెప్పడానికి ఇప్పుడు వాడే 1 నుంచి 70 గ్రేడ్లు కూడా ఆ పెద్ద సెంట్ల కోసం ఆయన పెట్టినవే. నాకు ఈ రాగి మీద ప్రేమ పుట్టింది ఇందుకే, బంగారం వెండి నాణేలు బీరువాల్లో పడుకున్నాయి, ఇవి మాత్రం బేకరీలో, గుర్రపు బండి దగ్గర, చర్చి పళ్ళెంలో తిరిగి తిరిగి అరిగాయి.

గోదారోడు_కాకినాడ:
బ్రదర్, నేను అమెరికావి సేకరించను, నావి ఈస్టిండియా కంపెనీ రాగివి, కానీ ఒక ముక్క చెప్పకుండా ఉండలేకపోతున్నా. మా ఉత్తర సర్కారుల కోసం కంపెనీ వాళ్ళు 1794లో రాగి నాణేలు కొట్టించారు, 48 కలిస్తే ఒక రూపాయి అని వాటి మీదే రాసి ఉంటుంది. కొట్టింది ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో, మాథ్యూ బౌల్టన్ ఆవిరి యంత్రాల మీద. అదే బౌల్టన్ 1790ల చివరి నుంచి మీ ఫిలడెల్ఫియా టంకశాలకి ముద్ర వెయ్యని రాగి బిళ్ళలు ఓడల్లో పంపాడు. అంటే మా గోదావరి సంతల్లో తిరిగిన రాగీ, మీ చేతిలో 1803 సెంటూ ఒకే ఊరి నుంచి వచ్చి ఉండొచ్చు!

మీరు 1815 సెంటు కోసం వెతకొద్దు, ఆ తేదీతో లేదు. 1812లో ఇంగ్లండ్‌తో యుద్ధం మొదలై బిళ్ళలు రావడం ఆగిపోయింది, ఉన్నవి 1814కి అయిపోయాయి. మీ 1816 దాని మీద ముఖం మారి ఉంటుంది చూడండి, కొత్త బొమ్మతో మళ్ళీ మొదలుపెట్టారు.

ఫిల్లీ_తెలుగు:
అవునండి, 1816 మీద ముఖం వేరు, చుట్టూ నక్షత్రాలు కూడా ఉన్నాయి! రాత్రి భూతద్దం పెట్టి చూశా, టార్చ్ పక్కనుంచి వేస్తే కింద గుండ్రం స్పష్టంగా మూసుకుపోయింది, 1798. కొంచెం ఉసూరుమంది గానీ అత్తగారు ఆ కంపెనీ నాణెం సంగతి విని చాలా సంతోషపడ్డారు, వాళ్ళది పిఠాపురం, చిన్నప్పుడు దమ్మిడీలు దాచుకున్న డబ్బా గురించి గంట సేపు చెప్పారు. మూడూ తోమకుండా అట్టపెట్టెలో పెట్టా. ఆదివారం దీనికి ఆ నలభైలో ఏ నంబరో వెతుకుతా, వెనక వైపు ఫొటోలు ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.

రాగిపిచ్చి_ఒహాయో:
పెట్టండి, నేను కూడా పుస్తకం తీసి కూర్చుంటా. ఫొటో తీసేటప్పుడు అంచులు పట్టుకోండి, వేలిముద్ర పడితే రాగి మీద ఉండిపోతుంది. 1798లోనూ కొన్ని అచ్చులు బాగా అరుదు.