అప్‌డేట్: కొత్త ఫిల్టర్‌కి బ్యాక్టీరియా పట్టింది

కొత్త ట్యాంకులో చేపలు వేసేముందు ఫిల్టర్‌లో మంచి బ్యాక్టీరియా (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చేవి) ఎలా పెంచాలని అడిగాను కదా. ఫిల్టర్‌ని ముందు ఎవరిదైనా పాత ట్యాంకులో నడపమన్నారు. అదే చేశాను. బాబాయి వాళ్ల గప్పీల ట్యాంకులో కొన్ని వారాలు నడిపాక ఫిల్టర్‌లోని నల్ల స్పాంజ్ మీద గోధుమరంగు జిగురు పట్టింది. "శుభ్రంగా కడిగి తీసుకెళ్లరా" అంది పిన్ని. కుళాయి నీళ్లతో కడిగితే వాటిలోని క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చి అసలుకే ఎసరు! తడి ఆరకుండా అదే ట్యాంకు నీళ్లు పోసిన డబ్బాలో పెట్టి, ఎక్కడా ఆగకుండా ఇంటికి తెచ్చాను. ఈ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందుతూ ఉండాలి మరి.

కొత్త ట్యాంకులో డీక్లోరినేటర్ (క్లోరిన్‌ని తీసేసే మందు) కలిపిన నీళ్లలో స్పాంజ్ పెట్టి, బ్యాక్టీరియా పనిచేస్తోందో లేదో చూడ్డానికి అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు) వచ్చేలా వేశాను. 24 గంటల తర్వాత అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ పెరిగింది. అమ్మోనియా సున్నా అని చూపే ఆ పసుపు రంగు టెస్ట్ ట్యూబ్ చూశాకే టెన్షన్ తగ్గింది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ఖర్చూ తప్పింది.

సగం నీళ్లు మార్చి నాలుగు గప్పీలు వేశాను. అందే తిండిని, అంటే అమ్మోనియాని బట్టే బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి మిగతావి నెమ్మదిగా వేస్తాను. స్పాంజ్‌తో పాటు బుల్లి నత్తలు కూడా వచ్చాయి. ఉంచనా, తీసేయనా?