మదీనా, పత్తర్‌గట్టీ, చార్మినార్ చుట్టుపక్కల పాత హోటళ్లు: ఎక్కడ, ఏ టైంకి, ఏం తినాలి?

ఓరుగల్లు_కోడలు:
వచ్చే నెల మా ఆడపడుచు పెళ్లి. బట్టలు మదీనా దగ్గర, గాజులు లాడ్‌బజార్‌లో, పత్రికలు ఛత్తాబజార్‌లో అని మా అత్తమ్మ ఎప్పుడో తేల్చేసింది. హన్మకొండ నుంచి తెల్లారుజామునే బయల్దేరి వస్తాం, ఎనిమిది మందిమి. ముగ్గురు నీచు ముట్టరు, మామయ్యకి షుగర్, ఒక చిన్న పిల్ల. పోయినసారి ఇలాగే వచ్చి పెద్ద లైట్ల బోర్డు చూసి ఒక చోట ఎక్కాం, పేరు చెప్పను గానీ బిర్యానీ అడుగున చల్లగా, పైన వేడిగా ఉంది, సగం తింటుండగానే బిల్లు తెచ్చి పెట్టాడు. ఈసారి రీల్స్ చూసి పోదల్చుకోలేదు. ఏళ్ల తరబడి ఆ ఏరియాలో తింటున్నవాళ్లు చెప్పండి, పాత హోటళ్లలో ఇంకా ఏవి బాగున్నాయి?

పత్తర్‌గట్టీ_పాతకాపు:
అక్కా, నేను ఆ లైన్‌లోనే బట్టల షాపులో పనిచేస్తాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా. అందరూ "ఏ హోటల్" అని అడుగుతారు, "ఎన్ని గంటలకి" అని ఎవరూ అడగరు. పాతబస్తీలో తిండికి అసలు లెక్క టైమే. అదే హోటల్‌లో పొద్దున ఆరింటికి దొరికేది వేరు, పదింటికి దొరికేది వేరు, రెండింటికి దొరికేది వేరు. నహారీ అనేది రాత్రంతా సన్నటి మంట మీద ఉడికి, తెల్లారుజాము ఫజర్ నమాజ్ అయ్యాక జనం తినే వంట. పాయా అంటే కాళ్లు, జబాన్ అంటే నాలుక, వాటితో ఎముకల షేర్వా, అంటే పల్చటి పులుసు. వట్టివేర్లు, రాతిపువ్వు, గులాబీ రేకులు లాంటివన్నీ గుడ్డలో మూటకట్టి అందులో వేస్తారు, పొట్లీ మసాలా అంటాం. అది పొద్దున్నే తినాలి. పదకొండింటికి వెళ్లి అడిగితే అయిపోయిందంటాడు, ఉందన్నాడంటే అడుగున మిగిలింది పోస్తాడు. మీరు తెల్లారుజామున బయల్దేరి ఎనిమిదికల్లా నయాపూల్ దాటితే నయాబ్‌లోనో షాదాబ్‌లోనో కూర్చోండి. రెండూ మదీనా సర్కిల్‌కి నడిచేంత దూరంలోనే. నహారీ తినేటప్పుడు కుల్చా (మైదా రొట్టె) చెప్పండి, రోటీ వద్దు, షేర్వాలో తడిస్తే కుల్చాకున్న రుచి రోటీకి రాదు.

నహారీ అంటే భయపడేవాళ్లకి ఖిచిడీ, ఖీమా, ఖట్టా ఉంటుంది. ఎర్ర కందిపప్పుతో ఖిచిడీ, పక్కన ఖీమా, నువ్వులు చింతపండు కలిపిన పల్చటి ఖట్టా, అప్పడం. మా షాపు కుర్రాళ్లందరి పొద్దుటి తిండి అదే, ఇది తిని గల్లాలో కూర్చుంటే మధ్యాహ్నం మూడు దాకా ఆకలి అనరు. మీ చిన్న పిల్ల కూడా తింటుంది, కారం ఉండదు.

బిర్యానీ కావాలంటే పన్నెండు దాటాక. పచ్చి మాంసం మసాలాలో నానబెట్టి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకి పిండి అంటించి దమ్ పెట్టిన దేగ్, అంటే పెద్ద గిన్నె, తెరిచిన మొదటి గంటలో తినాలి. మీకు పోయినసారి చల్లగా తగిలిందంటే నాలుగున్నరకి వెళ్లి ఉంటారు.

ఓరుగల్లు_కోడలు:
అన్నా, నాలుగు కాదు, అయిదు అయింది 😀 చీరల దగ్గర లేటయింది.

కోఠి_మాస్టారు:
అమ్మా, నీచు ముట్టని ముగ్గురి సంగతి నేను చెబుతాను. పాతబస్తీ అంటే అంతా మాంసమే అనుకుంటారు బయటివాళ్లు. చార్‌కమాన్, గుల్జార్ హౌజ్, ఘాన్సీబజార్ వైపు ముత్యాలు, వెండి, బంగారం వ్యాపారం చేసే మార్వాడీ, గుజరాతీ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, శాకాహారం తిండి అక్కడ లేకుండా ఎట్లా ఉంటుంది? పొద్దున పూట గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి ఉంటుంది. దోసె మీద వెన్న, ఉప్మా, ఉల్లి, టమాటా, కారప్పొడి వేసి పెనం మీదే మెదిపి ఇస్తాడు. తవా ఇడ్లీ కూడా అంతే, వెన్నలో ఈదుతూ వస్తుంది. కూర్చునే చోటు ఉండదు, నిలబడి తినాలి, మధ్యాహ్నానికి సర్దేస్తారు. మీ మామగారికి షుగర్ అంటున్నారు కాబట్టి వెన్న తగ్గించమని ముందే చెప్పండి, పోసేశాక చెప్తే లాభం లేదు.

కూర్చుని స్థిమితంగా భోజనం చేయాలంటే మూసీ నది ఇవతలికి రావాల్సిందే. ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ ఉంది, పాతది. మా తరం వాళ్లకి ఆబిడ్స్ షాపింగ్ అంటే అక్కడ ఇడ్లీ సాంబారు, ఫిల్టర్ కాఫీ. ఇప్పటికీ పెద్దవాళ్లకి ఇబ్బంది లేకుండా ఉంటుంది. సాయంత్రమైతే కోఠిలో గోకుల్ చాట్. 2007 ఆగస్టు 25న అక్కడ బాంబు పేలింది, ఎందరో పోయారు. ఆ రోజుల్లో ఇక ఎవరు వస్తారులే అనుకున్నాం. తర్వాత మళ్లీ తెరిచారు, సాయంత్రం వెళ్తే ఇప్పుడూ నిలబడే చోటు దొరకదు. సుల్తాన్‌బజార్ దాకా వచ్చారంటే పక్కనే 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది, అదీ ఒకసారి చూడండి, తిండి కాదనుకోండి, నాకు చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.

పౌనా_చాయ్:
చాయ్ గురించి ఇంకా ఎవరూ రాయలేదేంటి? చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్. 1993లో మొదలైంది కాబట్టి ఈ ఏరియా లెక్కన చూస్తే కుర్రది, పాత ఇరానీ హోటళ్ల పక్కన మనవరాలి వరస. కానీ బిస్కెట్లు అక్కడే లోపల భట్టీలో కాలుతుంటాయి, ట్రే బయటికి రాగానే వేడివేడిగా ఉస్మానియా తీసుకుని చాయ్‌లో ముంచి తినాలి. కొంచెం ఉప్పన, కొంచెం తియ్యన. పొద్దున్నే తెరుస్తారు, చార్మినార్ దగ్గర జనం లేని టైం అదొక్కటే. సాయంత్రం ఆరింటికి పోతే సెల్ఫీల మధ్య కప్పు పట్టుకోవడమే కష్టం.

ఇరానీ చాయ్ అంటే పాలల్లో ఆకు వేసి మరిగించింది కాదని కూడా చెప్పాలి. డికాక్షన్ వేరే పాత్రలో దమ్ మీద ఉంటుంది, పాలు విడిగా చిక్కగా మరుగుతుంటాయి, కప్పులో కలుపుతారు. ఇప్పుడు ఊరూరా "ఇరానీ చాయ్" బోర్డు పెట్టినవాళ్లలో చాలామంది రెండూ ఒకే గిన్నెలో పడేస్తున్నారు, అది మన ఇంటి టీయే, ధర ఒకటి ఎక్కువ. పాలు ఎక్కువ కావాలంటే పౌనా అని అడగండి. మామయ్యగారికి మాత్రం కష్టం, ఇక్కడ చక్కెర లేకుండా అడిగితే చాలా చోట్ల నిన్ను చూసి నవ్వుతారు. నేను మా నాన్నకి అడిగి తిట్లు తిన్నా. అందుకని ఆయనకి బిస్కెట్ ఒకటి ఇచ్చి కూర్చోబెట్టండి.

మొజంజాహీ_వాసి:
బిర్యానీ మీద అందరూ మాట్లాడుతుంటే నాకు కొంచెం చిరాకు. మదీనా, చార్మినార్ దాకా వచ్చి బిర్యానీ ఒక్కటే తిని పోవడం ఏంటండీ? బిర్యానీ ఇప్పుడు హన్మకొండలోనూ దొరుకుతుంది, బాగానే ఉంటుంది. ఇక్కడికి వచ్చినందుకు లుఖ్మీ తినండి. చతురస్రంగా, పైన పొరలు పొరలుగా, లోపల ఖీమా. పత్తర్‌ కా గోష్త్ తినండి, వేడి చేసిన నల్లరాతి పలక మీద కాల్చిన మాంసం, రాత్రిపూట అయితేనే బాగుంటుంది. తీపికి ఖుబానీ కా మీఠా, ఎండు ఆప్రికాట్‌లతో చేసే తీపి.

ఇక అసలు పాతదనం కావాలంటే మొజంజాహీ మార్కెట్‌కి రండి. 1935లో ఏడో నిజాం రెండో కొడుకు పేరున కట్టిన రాతి మార్కెట్ అది, మధ్యలో గడియారం. ఫేమస్ ఐస్‌క్రీమ్‌లో సీజన్‌ని బట్టి పండ్ల ఐస్‌క్రీములు, సీతాఫలం రోజుల్లో వస్తే అదృష్టమే. పక్కనే కరాచీ బేకరీ, దేశ విభజన తర్వాత ఇటు వచ్చిన సింధీ కుటుంబం 1953లో పెట్టింది. ఫ్రూట్ బిస్కెట్ ఊళ్లో ప్రతి మాల్‌లో దొరుకుతుందిప్పుడు, అయినా మా అమ్మ ఈ షాపులో కొన్నదే తింటుంది, తేడా ఏంటో ఆమెకే తెలియాలి. హమీదీ మిఠాయి దుకాణంలో జౌజీ హల్వా తీసుకోండి. మొలకెత్తిన గోధుమ, పాలు, నెయ్యితో గంటల తరబడి కలియబెడతారు, ముదురు రంగు, నోట్లో జిగటగా ఉంటుంది. మొదటి ముద్ద కొందరికి నచ్చదు, రెండోదానికి డబ్బా ఖాళీ.

డల్లాస్_దక్కనీ:
జౌజీ హల్వా పేరు విని ఇక్కడ కూర్చుని కడుపు మండుతోంది. మా ఊళ్లో హైదరాబాదీ పేరుతో ఉన్న రెస్టారెంట్లు లెక్కపెట్టలేను, బోర్డు మీద చార్మినార్ బొమ్మ కూడా ఉంటుంది. బిర్యానీ ఫర్వాలేదు. నహారీ అని మెనూలో ఉంటుంది, అడిగితే మటన్ కూర పల్చగా చేసి తెస్తారు. రాత్రంతా ఎవరు కాపలా కాస్తారు, వాళ్ల తప్పు కూడా కాదులే.

ఇండియా వచ్చినప్పుడల్లా నేను మోసుకొచ్చేవి జౌజీ, ఉస్మానియా బిస్కెట్లు, ఇంకా నూర్‌ఖాన్ బజార్‌లో దొరికే బాదం కీ జాలీ. బాదం ముద్దని జాలీలాగా కోసి, పైన వెండి రేకు. పెళ్లిలో ఆడపడుచు సారెకి పెడితే అందరూ అడుగుతారు ఎక్కడిదని. ముందే ఫోన్ చేసి చెప్పి పెట్టుకోండి అక్కా, అప్పటికప్పుడు పెద్ద ఆర్డర్ దొరకదు.

పురానీ_హవేలీ_పిల్లగాడు:
మున్షీ నాన్ సంగతి ఎవరూ రాయలేదు, ఆశ్చర్యంగా ఉంది. పురానీ హవేలీ దగ్గర 1851 నుంచి ఉన్న దుకాణం. నిజాం దగ్గర మున్షీగా, అంటే గుమాస్తాగా, పనిచేసిన ఆయన మొదలుపెట్టాడు, పేరు అక్కడి నుంచే. నాలుగు మూలల నాన్, చార్ కోనీ అంటారు, బావిలాంటి తందూర్‌లోకి వంగి లోపలి గోడకి అంటిస్తారు. పాతకాపు అన్న కుల్చా అన్నాడు, నేను ఒప్పుకోను. నహారీకి జోడు చార్ కోనీ నాన్. మా ఇంట్లో పండగ పూట నహారీ ఇంట్లో వండుతారు, నాన్ మాత్రం దుకాణం నుంచే రావాలి. పొద్దున్నే గుడ్డ పరిచిన బుట్టతో నన్ను పంపేవారు, వచ్చేలోపు దారిలో ఒకటి నా కడుపులోకి పోయేది.

అయితే ఇప్పుడు ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట మెట్రో కోసం ఆ రోడ్డంతా వెడల్పు చేస్తున్నారు. దారుల్‌షిఫా నుంచి పురానీ హవేలీ మీదుగా ఎన్ని పాత కట్టడాలు పోతున్నాయో చూస్తూనే ఉన్నాం. ఈ దుకాణం కూడా పోతుందని పేపర్లో వచ్చింది. కాబట్టి వచ్చే ముందు ఎవరినైనా అడిగి కనుక్కుని వెళ్లండి. మెట్రో వద్దని కాదు, మా అమ్మీ గాంధీ ఆసుపత్రికి వెళ్లాలంటే రెండు ఆటోలు మారుతుంది, ఆమెకి మెట్రో కావాలి. కానీ తందూర్ అంటే సామాను కాదు కదా, లారీలో వేసి వేరే చోట దించడానికి.

పత్తర్‌గట్టీ_పాతకాపు:
తమ్ముడూ, చార్ కోనీ దగ్గర నేను ఓడిపోయా, సరే. అయినా హోటల్లో దొరికేది కుల్చానే, అక్క హోటల్‌కి వస్తోంది.

రోడ్డు వెడల్పు మాట వచ్చింది కాబట్టి, మేం కూర్చునే పత్తర్‌గట్టీ కూడా అలా పుట్టిందే. 1908 మూసీ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఊరు బాగుచేశారు, ఈ రాతి ఆర్చీలు ఆ బోర్డు కట్టించినవే. అప్పుడు పాతవి తీసేసినా కొత్తగా కట్టినదాంట్లో దుకాణదారుడికి నీడ, నడిచేవాడికి నీడ ఉండేట్టు కట్టారు. ఇప్పుడు కట్టేవాళ్లకి ఆ ఆలోచన ఉందా అన్నదే నా బాధ. సరే, తిండి దగ్గరికి వస్తా.

శుక్రవారం రాకండి. మధ్యాహ్నం మక్కా మసీదు నమాజ్‌కి రోడ్డంతా నిండిపోతుంది, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా శుక్రవారం సెలవు. ఆదివారం లాడ్‌బజార్‌లో అడుగు పడదు. మంగళ, బుధవారాలు హాయి. రంజాన్ నెలలో అయితే కథే వేరు, పగలు చాలా హోటళ్లు మూసుంటాయి, సాయంత్రం నుంచి హలీమ్ భట్టీలు మొదలు. గోధుమ, మాంసం పొద్దున్నుంచి ఉడికించి కర్రలతో దంచుతారు. 2010లో హైదరాబాదీ హలీమ్‌కి జీఐ, అంటే ఇది ఈ ఊరిదేనన్న భౌగోళిక గుర్తింపు వచ్చాక పార్సిల్ వ్యాపారం బాగా పెరిగింది, నాకైతే భట్టీ పక్కన నిలబడి తిన్నదే హలీమ్.

ఓరుగల్లు_కోడలు:
అందరికీ థాంక్స్, అత్తమ్మకి చదివి వినిపించాను. రెండు సందేహాలు. ఆడవాళ్లం ఎక్కువమందిమి, పొద్దున్నే నహారీ టైంకి కూర్చోవడానికి ఇబ్బంది ఉంటుందా? కారు ఎక్కడ పెట్టాలి?

చూడీబజార్_ఆపా:
బేటా, పెద్ద హోటళ్లలో ఫ్యామిలీ సెక్షన్ ఉంటుంది, నేరుగా అటే వెళ్లండి. కింద హాల్లో పొద్దున్నే మగవాళ్లే ఎక్కువ ఉంటారు, హడావిడిగా తిని లేస్తుంటారు, అక్కడ కూర్చుంటే మీకే మొహమాటంగా ఉంటుంది. వెళ్లగానే చెయ్యి కడుక్కునే చోటు చూసుకోండి, నహారీ తిన్నాక వేళ్లు అతుక్కుంటాయి, అలాంటి చేత్తో చీరలు ముట్టుకుంటే షాపువాడు ఊరుకోడు. అందుకే నేనైతే చీరలు ముందు, తిండి తర్వాత అంటాను, కానీ నహారీ ఆగదు కదా. గాజుల దగ్గర మాత్రం తొందరపడకండి, లక్క గాజుల వాళ్లు పదకొండుకి గానీ అన్నీ పరచరు. బేరం ఆడితే బాధపడరు, ఆడకపోతేనే అనుమానంగా చూస్తారు.

కోఠి_మాస్టారు:
కారు చార్మినార్ దాకా తేవద్దు, అక్కడ బండ్లు వదలరు, చుట్టూ తిరగడానికే గంట పోతుంది. నగరం మొదట్లోనే మెట్రో స్టేషన్ దగ్గర ఎక్కడైనా పెట్టి ఎంజీబీఎస్‌లో దిగండి, అక్కడి నుంచి ఆటో. సాయంత్రం సామాను బరువుంటుంది కాబట్టి ఆటోవాడితో ముందే మాట్లాడుకోవడం మంచిది.

పౌనా_చాయ్:
అక్కా, ఇంకొక్కటి. ఛత్తాబజార్‌లో పత్రికల ప్రూఫ్ చూసేటప్పుడు ఎలాగూ గంట కూర్చోబెడతారు. ప్రెస్ వాడే చాయ్ తెప్పిస్తాడు, వద్దనకండి. చిన్న ఉల్లి సమోసాలు కూడా తెప్పించమని అడగండి, ఆ గల్లీల్లో ఎక్కడ బాగుంటాయో వాళ్లకి తెలిసినంత మనకి తెలీదు.

ఓరుగల్లు_కోడలు:
బుధవారం ఖాయం చేశాం. పొద్దున నహారీ, నీచు ముట్టని వాళ్లకి గోవింద్ దోసె, మధ్యాహ్నం చూసుకుందాం. మామయ్య మాత్రం ఖుబానీ కా మీఠా పేరు విన్నప్పటి నుంచి "ఒక్క రోజు మాత్ర ఎక్కువేసుకుంటా" అంటున్నాడు, అత్తమ్మ చూపుకి మళ్లీ మాట్లాడలేదు.