సమస్యాపూరణం: ఓడి వచ్చిన జట్టుకే యొదవె ధనము

నిర్వాహకుడు: ఈ వారం అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీద. 2024లో ఒక్క ఆటా గెలవని కెంట్ స్టేట్ కాలేజీ జట్టు అభిమానులు మనలోనే నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ల కడుపుమంట చల్లారాలి. పాదం శీర్షికలోనే ఉంది. గురువారం రాత్రి దాకా గడువు.

గురులఘువు: ఇది సమస్యా, రసీదా? అసంబద్ధంగా కనిపించాలి కదా సమస్య అంటే. ఇక్కడ అక్షరాలా జరిగేదే ఇది. పెద్ద జట్టుకు సొంత మైదానంలో ఆట కావాలి, లక్ష సీట్లు నిండాలి, బదులుగా తను అవతలి ఊరికి పోకూడదు. అందుకని చిన్న కాలేజీని డబ్బిచ్చి పిలుస్తుంది. ఆట ఫలితంతో ఆ చెక్కుకు సంబంధం లేదు.

నిర్వాహకుడు: రసీదునే పద్యం చేసి చూపించండి మరి.

పొల్లు: ఇదిగో.

రెండు నూరుల యిరువది రెండు, సున్న!
రాకపోయిన మూడువేల్ రాలిపోవు,
వచ్చి యోడిన నైదునూర్ వచ్చు ననిరి;
ఓడి వచ్చిన జట్టుకే యొదవె ధనము.

1916 అక్టోబర్ 7, అట్లాంటా. కంబర్లాండ్ కాలేజీ అప్పటికే జట్టు ఎత్తేసింది, జార్జియా టెక్‌తో ఒప్పందం మాత్రం మిగిలిపోయింది. రాకపోతే 3000 డాలర్ల జరిమానా, వస్తే 500. దొరికిన కుర్రాళ్లను పోగేసి రైలెక్కించారు.

డొంకతిరుగుడు: మొదటి పాదం అదిరింది. స్కోరే యతి తెచ్చుకుంది, ‘రెండు... రెండు’. కానీ ‘వేల్’, ‘నూర్’ అని వరుస పాదాల్లో రెండు పొల్లులా? పేరుకు తగ్గట్టు రాయాలని మొక్కుకున్నారా?

పొల్లు: ‘వేల్’కి పెద్దల వాడుక ఉంది. ‘నూర్’ వదులుకుంటాను. ‘వచ్చి యోడిన నూర్లైదు వచ్చు ననిరి’.

గురులఘువు: ఇప్పుడు బాగుంది. ఒకటి వదిలేశారు: కోపం. ఆ ఏడాదే అంతకు ముందు బేస్‌బాల్‌లో టెక్‌ని కంబర్లాండ్ 22-0తో ఓడించింది. దానికి బదులు తీర్చుకోవాలనే టెక్ కోచ్ జాన్ హైస్మన్ ఈ ఆటను వదలనివ్వలేదు. 22కి ముందు ఇంకో 2 చేర్చి తిప్పికొట్టాడు. ఆటలోని నాలుగు పావుల్లో టెక్ పాయింట్లు వరసగా 63, 63, 54, 42. టచ్‌డౌన్‌లు (బంతితో అవతలి గీత దాటడాలు) 32, వాటి మీద అదనపు పాయింట్లు 30. టెక్ ఒక్క పాస్ కూడా విసరలేదు. ఇంకా విచిత్రం, ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లోపు పది గజాలు సాగి మళ్లీ ప్రయత్నాలు సంపాదించడం) రెండు జట్లకూ సున్నాయే. కంబర్లాండ్‌కి చేతకాక, టెక్‌కి అవసరం పడక, డౌన్ లెక్కకు వచ్చేలోపే గీత దాటేసేవారు.

డొంకతిరుగుడు: హైస్మన్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. క్రితంసారి హైస్మన్ ట్రోఫీ మీద మీరు రాసిన ‘హైసుమను పేర నిచ్చెడి యచ్చు బొమ్మ’లో యతి ఎక్కడ?

గురులఘువు: ఆ గొడవ ఆరోజే తేలింది. హకారానికి అకారం చెల్లుతుంది, ఐత్వం అత్వంతో కలుస్తుంది. లక్షణం చదువుకోని వాళ్ల కోసం ప్రతిసారీ పాఠం పెట్టలేను.

నిర్వాహకుడు: ఇద్దరూ ఆగండి. ఇంకో పూరణ వచ్చింది.

అచ్చుతప్పు: కెంట్ స్టేట్ మీదే, 2024.

డెబ్బ దొక్కటి మింగిరి డీలుపడుచు,
వారమైన నేబదియారు వడ్డనాయె,
పదియు రెండాటలం దోడి పరువు వోవ;
ఓడి వచ్చిన జట్టుకే యొదవె ధనము.

గురులఘువు: ‘వడ్డన’ మంచి మాట. సెప్టెంబర్ 14న టెనెసీ జట్టు ఊరు నాక్స్‌విల్‌లో 71-0, వారం తిరిగేసరికి పెన్ స్టేట్‌లో 56-0. రెండూ బయటి ఊళ్లే. కానీ మూడో పాదంలో ‘ఓడి’, వెంటనే సమస్యలో ‘ఓడి’. పునరుక్తి.

అచ్చుతప్పు: ఏడాదంతా అదే పునరుక్తి, నేనేం చేసేది? సరే, ‘పదియు రెండాటలన్ గూలి పరువు వోవ’.

పొల్లు: టెనెసీ ఆటలో విరామానికే 65-0. మిగతా సగమంతా కలిపి ఆరే. గెలిచేవాడు రెండో, మూడో వరస కుర్రాళ్లను దింపితే అంతే. కెంట్ స్టేట్ అసలు రోగం లైన్‌లో ఉంది. ముందు వరస నిలవకపోతే మూడు ప్రయత్నాల్లో బంతి వదిలేసి తన్నేయాలి. డిఫెన్స్ నీళ్లు తాగి కూర్చునేలోపే మళ్లీ మైదానంలోకి. రెండో పావుకే కాళ్లు బరువెక్కుతాయి, మార్చడానికి వెనక అంత బలమున్న వాళ్లు ఉండరు. 2022 తరవాత కోచ్ షాన్ లూయిస్ కొలరాడోకి, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ షిలీ యూసీఎల్‌ఏ కాలేజీకి వెళ్లిపోయారు. 2023లో ఒకటే గెలుపు, 2024లో అదీ లేదు. దిగువ డివిజన్ సెయింట్ ఫ్రాన్సిస్ కూడా వాళ్ల ఇంటికే వచ్చి 23-17తో గెలిచి పోయింది.

డొంకతిరుగుడు: అందరూ సమస్యను ఒప్పుకుని రాస్తున్నారు. నేను కాదంటున్నాను.

నాల్గు లక్షల డాలర్లు నవ్వి యిచ్చి
రెండు పాయింట్ల తేడాతొ రెక్కలూడె!
అనకు మికమీద నిట్టులో యన్న వినుము:
“ఓడి వచ్చిన జట్టుకే యొదవె ధనము”.

2007 సెప్టెంబర్ 1, ఆన్ ఆర్బర్. అయిదో ర్యాంకు మిషిగన్ నాలుగు లక్షలిచ్చి అపలాచియన్ స్టేట్‌ని పిలిచింది, 34-32తో ఓడింది. గెలిచినవాడే చెక్కు పట్టుకుపోయాడు.

నిర్వాహకుడు: భేష్! సమస్యను కొటేషన్‌లో బంధించి అనవద్దనడం. ఈ వారానికి ఇదే మెలిక.

గురులఘువు: మెలిక సరే. ‘తేడాతొ’ ఏమిటి? ‘తో’ని తొక్కి లఘువు చేశారు. నా హైస్మన్ యతిని నిలదీసినాయన ప్రత్యయాన్నే కురచ చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? ‘అన్న వినుము’ కూడా పాదం నిండడానికి వచ్చిందే, కెంట్ స్టేట్ బెంచి మీది కుర్రాడిలా.

అచ్చుతప్పు: నోటర్‌డేమ్ కూడా చేర్చాల్సింది. 2024 సెప్టెంబర్ 7న నార్తర్న్ ఇల్లినాయ్‌కి 14 లక్షల డాలర్లిచ్చి 16-14తో ఓడింది. తేడా అక్కడా రెండే, మీ పాదం మార్చక్కర్లేదు.

డొంకతిరుగుడు: ‘తేడాను’ అని సవరించుకుంటున్నాను. ‘వినుము’ ఉంటుంది. అన్నగారు వినరని తెలిసే పెట్టాను.

గురులఘువు: ‘ను’ సరే. ‘రెక్కలూడె’ మాటేమిటి? మిషిగన్ జట్టు ముద్దుపేరు వుల్వరీన్లు. నాలుగు కాళ్ల జంతువుకి రెక్కలెక్కడివి?

డొంకతిరుగుడు: రెక్కాడితే గాని డొక్కాడదంటారే, ఆ రెక్క. ఆఖరి క్షణాల్లో మిషిగన్ 37 గజాల ఫీల్డ్ గోల్ తన్నితే అవతలివాడు చెయ్యి అడ్డుపెట్టి ఆపేశాడు. ఆ ఆటంతా రెక్కల మీదే తేలింది.