మనం పోరాడతామా, మేం పోరాడతామా?

మా మనవరాలు విజయనగరంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వచ్చే వారం బళ్లో వక్తృత్వ పోటీ. ఏదైనా ప్రసిద్ధ ప్రసంగంలోంచి ఒక ముక్క తెలుగులో అప్పజెప్పాలట. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 జూన్ 4న బ్రిటన్ కామన్స్ సభలో ప్రధాని చర్చిల్ చేసిన ప్రసంగం ఎంచుకుంది. చివర్లో, ఒడ్డున పోరాడతాం, వీధుల్లో పోరాడతాం అంటాడే, ఆ ముక్క. అనువాదం పని తాత మీద పడింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, గంటలో తేల్చేద్దామని కూర్చున్నాను. మొదటి మాట దగ్గరే పిల్ల నా పెన్ను పట్టుకుని ఆపేసింది. "తాతా, మనమా? మేమా?"

ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు. ‘వుయ్’ అనేస్తే అయిపోయింది. మనకి ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, బయట పెడితే మేం. మరి చర్చిల్ ఎవరితో మాట్లాడుతున్నట్టు? ఎదురుగా కూర్చున్నది సభ్యులు, కాబట్టి మనం. అసలు వినాల్సింది హిట్లర్, కాబట్టి మేం. సముద్రం అవతల చెవి ఒగ్గి వింటున్నది అమెరికా. వాళ్లకి ఈరోజు మేం, రేపటికి మనం కావాలని ఈయన ఆశ. ఒకే మాటతో ముగ్గురికీ చెప్పుకున్నాడు. తెలుగులో ఏం చెయ్యాలి? గ్రూపులో పెద్దలు ఓ దారి చూపించండి.

బొబ్బిలి తమ్ముడు: ఇందులో ఆలోచించేదేముంది మాస్టారూ, ‘మనం’ వేసేయండి. జనాన్ని కూడగట్టే ప్రసంగం కదా. "ఒడ్డున పోరాడుదాం! చేలల్లో పోరాడుదాం!" అనిపించండి, పిల్లకి చప్పట్లే చప్పట్లు.

నేను: చప్పట్లు వస్తాయి తమ్ముడూ, కాకపోతే అది వేరే ప్రసంగం అయిపోతుంది. ‘పోరాడుదాం’లో రండి అనే పిలుపు ఉంది. రాకపోతే ఏం గతి అనే భయమూ ఉంది. ఆయన పిలవలేదు, జరగబోయేది చెప్పాడు. పాత ఇంగ్లీషు వ్యాకరణంలో మనకి నేర్పినదే: ‘నేను’, ‘మేము’ పక్కన ‘షల్’ వస్తే ఉత్త భవిష్యత్తు, ‘విల్’ వస్తే పట్టుదల. ఆయన వాడింది షల్. ఆ ముక్కలో ‘వుయ్ షల్’ పది సార్లు వస్తుంది, అందులో ‘ఫైట్’తో ఏడు సార్లు. ఉదయం పాసింజరు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు.

పలాస బావగారు: అయితే ‘పోరాడి తీరతాం’ అందాం. పౌరుషం ఉంటుంది.

నేను: పౌరుషం ఎక్కువై చెడుతుంది బావగారూ. ప్రసంగం మొత్తం చదివితే తెలుస్తుంది, చాలామటుకు చేదు కబుర్లే. ఫ్రాన్సులో జర్మన్లు చుట్టుముట్టిన డంకర్క్ రేవు నుంచి సుమారు 3,38,000 మంది సైనికులు ప్రాణాలతో బయటపడ్డారు. దేశం సంబరంలో ఉంది. ఈయన లేచి, దీన్ని గెలుపు అనుకోకండి, ఖాళీ చేసి వచ్చేస్తే యుద్ధాలు గెలవరు అన్నాడు. తుపాకులు, బళ్లు, ట్యాంకులు అన్నీ అక్కడే వదిలేశామని ఒప్పుకున్నాడు. ఇంత నష్టం ఏకరువు పెట్టిన నోటితో ‘తీరతాం’ అంటే వినేవాడు నమ్మడు. అప్పులవాడి ముందు మీసం మెలేసినట్టు ఉంటుంది.

ఇంకోటి. పిల్ల ఆయన బొంగురు గొంతుని ఫోనులో విని అనుకరిస్తోంది. ఆ గొంతు 1940 నాటిది కాదు. ఆ రోజు సభలో మాట్లాడినది రేడియోలో రాలేదు. సాయంత్రం బీబీసీలో వార్తలు చదివేవాడు కొన్ని ముక్కలు చదివాడు, అంతే. మనం వింటున్నది ఆయన 1949లో తీరిగ్గా రికార్డు చేసింది. గెలిచాక చదివిన గొంతులో గెలిచిన ధీమా ఉండదూ?

రాజాం చెల్లెమ్మ: అన్నయ్యగారూ, సర్వనామం తీసేయండి. ‘పోరాడతాం’ అన్న క్రియ మేముకీ అదే, మనకీ అదే. ఎవరి చెవికి ఎలా కావాలంటే అలా వినిపిస్తుంది. ఇంగ్లీషుకి ‘వుయ్’ లేకుండా గడవదు, మనకి గడుస్తుంది. ‘దాం’ మాత్రం వద్దు, అది మనంకే అతుక్కుంటుంది. "మేం పోరాడుదాం" ఎవరైనా అంటారా?

నేను: అమ్మా, దండం. ముప్పై ఏళ్లు చెప్పిన వ్యాకరణం అవసరానికి తట్టలేదు. ‘మన ద్వీపం’ దగ్గర కూడా ఇదే చిక్కు వచ్చింది, నీ దారినే తీసేశా. "ద్వీపాన్ని కాపాడుకుంటాం" అంటే చాలు, ఆ ‘కుంటాం’లోనే మాది, మనది రెండూ ఉన్నాయి. పైగా ఇంగ్లీషులో వాక్యం మొదట పడే దరువు మనకి చివర పడుతోంది. పోరాడతాం, పోరాడతాం, పోరాడతాం. డప్పు దెబ్బలా ఉంది.

టెక్కలి తమ్ముడు: అంతా బాగుంది గానీ, ఆఖరున ‘నెవర్ సరెండర్’ అన్నచోట ‘లొంగం’ అనడం ఏటి మాస్టారూ? మా వైపు ‘ఒగ్గం’ అంటాం. చేను ఒగ్గం, గట్టు ఒగ్గం.

నేను: ఒరే, ఇది మాత్రం నాకు నిద్రపట్టనివ్వలేదు. మన శ్రీకాకుళంలో ఒగ్గేయడం అంటే వదిలేయడం. పుస్తకాల్లో తల ఒగ్గడం అంటే వంగి అప్పగించుకోవడం. ‘తలొగ్గం’ అన్నామనుకో, పుస్తకం చదివినవాడికి వంగం అని, మనవాడికి ఒగ్గం అని, రెండూ వినిపిస్తాయి. ఇంగ్లీషులో ఆ చివరి వాక్యమంతా పాత పొట్టి మాటలే, ‘సరెండర్’ ఒక్కటే ఫ్రెంచి దారిన వచ్చింది. మనకి ఆ చివరి మాట కూడా ఇంటి మాటే దొరికింది. గిడుగు పుట్టిన జిల్లా కదా, "యుద్ధము సలిపెదము" అని రాస్తే ఊరుకుంటారా!

శ్రీకాకుళం అక్కయ్య: అందరూ అక్కడే ఆగిపోయారేం? ఆ తర్వాత ఇంకా ఉంది చూడండి. ఒకవేళ ఈ ద్వీపం శత్రువు చేతికి చిక్కి ఆకలితో మాడినా, సముద్రాల అవతలి ‘అవర్’ సామ్రాజ్యం పోరు సాగిస్తుంది, కొత్త ప్రపంచం, అంటే అమెరికా, వచ్చి ఆదుకునే దాకా అంటాడు. అక్కడ ఏం వేస్తారు? ఆ అవతలి సామ్రాజ్యంలోనే కదా మా తాతలున్నది. 1939లో వైస్రాయి వీళ్లనెవరినీ అడక్కుండానే ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. అప్పుడు మన ఊళ్లన్నీ ఆ జిల్లాలోవే. ఆ ఏడే బర్మా నుంచి మనవాళ్లు అడవుల్లో నడిచి వచ్చారు. వాళ్లని కాందిశీకులన్నారు. ‘కాం దిశం’, ఏ దిక్కుకి పోను అని అడిగేవాడు. మా అమ్మమ్మకి ఆ మాట అర్థం తెలీదు, కానీ వచ్చినవాళ్ల పాదాలు ఎలా ఉన్నాయో చెప్పేది.

నేను: అక్కా, ఇక్కడ సర్వనామం తీసినా దాక్కోలేం. ‘మన సామ్రాజ్యం’ అనడానికి నోరు రావట్లేదు. మనవరాలిని అడిగాను. క్షణం ఆలోచించి, "‘మా’ అందాం తాతా, వాళ్లదే కదా" అంది. అదే ఉంచాను. పోరాటం మాత్రం ఎవరిదో చెప్పకుండా వదిలి, సామ్రాజ్యం దగ్గర పేరు పెట్టి చెప్తుంది. ఆ సామ్రాజ్యం మాటకి ముందు ముక్క ఇదిగో:

"సముద్రాల మీద పోరాడతాం. ఎంత ఖరీదైనా సరే, ద్వీపాన్ని కాపాడుకుంటాం. ఒడ్డున పోరాడతాం. విమానాలు దిగే చోట పోరాడతాం. చేలల్లో, వీధుల్లో పోరాడతాం. కొండల్లో పోరాడతాం. ఏనాటికీ తలొగ్గం."

రాజాం చెల్లెమ్మ: ‘కొండల్లో పోరాడతాం’ అన్నాక పిల్లని ఒక్క క్షణం ఆగమనండి అన్నయ్యగారూ. చర్చిల్ తన కాగితాల్లో వాక్యాలు పద్యపాదాల్లా విరిచి టైపు చేయించుకునేవాడు, ఊపిరికి చోటు కోసం. మీరూ అలాగే విరిచి రాసివ్వండి.

నేను: రాసిచ్చానమ్మా. ఇప్పుడు ఆ ఆగే చోట లోపల ఎంత లెక్కపెట్టాలని అడుగుతోంది.