కాలువలో పడింది పిరానాయేనా? పిల్లాణ్ని ఈతకి పంపాలా మానాలా?

ఉండి కుర్రోడు:
మొన్న ఆదివారం మా ఇంటెనక పంట కాలువలో విసురు వల వేస్తే శీలావతి పిల్లలతో పాటు ఒక కొత్త రకం చేప పడింది. అరచేయంత ఉంది, పళ్లెంలా గుండ్రంగా, గొంతు దగ్గర్నుంచి పొట్టంతా కుంకుమ పూసినట్టు ఎరుపు, నోరు తెరిస్తే పళ్లు కూడా. మా బావ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. గంట తిరిగేసరికి "గోదావరిలో పిరానాలు, మనిషిని రెండు నిమిషాల్లో ఎముకల గూడు చేసేస్తాయి" అని అదే ఫోటో మళ్లీ నాకే వచ్చింది. మా అత్తయ్య పిల్లల్ని గట్టు దిగనివ్వట్లేదు. మావాడికి తొమ్మిదేళ్లు, ఇప్పుడిప్పుడే ఈత వస్తోంది. అసలు పిరానా ఎంత పెరుగుతుంది, నిజంగా మనుషుల్ని తింటుందా? గూగుల్ చూడమనకండి, చూశాకే ఈ టెన్షన్.

గట్టు కాపలా (ఆకివీడు):
అది రూప్‌చంద్ అండి బాబూ. మీరు బజార్లో రోజూ చూసేదే, కాకపోతే అక్కడ కేజీ సైజుది ఉంటుంది కాబట్టి పొట్ట ఎరుపు అంత కొట్టొచ్చినట్టు కనపడదు. కొన్ని హోటళ్లలో చందువ ఫ్రై అని వేసేది కూడా ఇదే, ఆ గొడవ ఇప్పుడొద్దులెండి. వానలకి గట్టు తెగినప్పుడో, పట్టుబడికి నీళ్లు తీసినప్పుడో చెరువుల్లోంచి జారుకుని కాలువల్లో పడతాయి.

పుట్టుక దక్షిణ అమెరికాదే, పిరానాకి దగ్గర చుట్టం, అందుకే ఆ పోలిక. తేడా పళ్లలో ఉంది. రూప్‌చంద్‌కి మన దవడ పళ్లలా బల్లపరుపుగా ఉంటాయి. వరదలప్పుడు అక్కడి అడవుల్లో చెట్ల మీంచి నీళ్లలో రాలిన పళ్లు, గింజలు కొరుక్కు తినే జాతి అది (పళ్లు తినడానికి పళ్లు!). పిరానావి మూడు మూలల రంపం పళ్లు, పైవి కిందవి కత్తెరలా ఒకదాని సందులో ఒకటి దిగుతాయి, కింద దవడ ముందుకి పొడుచుకొస్తుంది. చేప ఇంకా ఉంటే నోరు చూసి చెప్పండి.

అలాగని రూప్‌చంద్ సాధువేం కాదు. వల్లోంచి తీస్తుంటే ఒకసారి నా చూపుడు వేలు నొక్కింది, గోరు పక్కన పదిహేను రోజులు నల్లగా ఉండిపోయింది.

గల్ఫ్ రిటర్న్ (కాకినాడ):
నేను మస్కట్‌లో పనిచేసినప్పుడు మా సేఠ్ ఆఫీసులో గాజు తొట్టెలో ఎర్ర పొట్ట పిరానాలు ఆరు ఉండేవి, మేత వేసే డ్యూటీ నాదే. జానెడు, మహా అయితే దాని మీద రెండు వేళ్లు. అడుగు దాటినవి అరుదు, నల్ల పిరానా అని ఇంకో రకం ఉంది, అది ఒకటిన్నర అడుగుకి కాస్త తక్కువ వరకూ వెళ్తుంది. మన వాలుగ ముందు ఇవి పిల్లకాయలు.

పిరికితనం గురించి చెప్పాలి. తెల్ల చొక్కా వేసుకుని వెళ్తే ఆరూ ఒక మూలకి పోయి ఒకదాని వెనక ఒకటి దాక్కునేవి. రొయ్య ముక్క వేస్తే నేను తలుపు దాటేదాకా ముట్టేవి కావు. కాకపోతే వాటిలో వాటికి పడదు, ఎప్పుడు చూసినా ఏదో ఒకదాని తోక కొరికేసి ఉండేది, మళ్లీ మొలిచేది. గుంపుగా తిరిగేది వేటకి అనుకుంటాం గానీ, మొసళ్లకీ కొంగలకీ డాల్ఫిన్లకీ దొరక్కుండా ఉండటానికని పరిశోధనల్లో తేలింది.

రావిచెట్టు అరుగు:
అంతా ఉత్తిదే అని తేల్చేస్తే ఎలా? అర్జెంటీనాలో 2013 క్రిస్మస్ రోజున నదిలో దిగినవాళ్లని కొరికాయి కదా, పేపర్లో కూడా వచ్చింది.

సైన్సు మేష్టారు:
వచ్చింది, నిజమే. రొసారియో దగ్గర పరానా నది, విపరీతమైన ఎండలకి జనం ఒక్కసారిగా దిగారు, 70 మంది దాకా గాయాలయ్యాయి, ఎక్కువగా చేతులకీ కాళ్లకీ. ఒక పిల్లకి వేలి కొస తెగింది. ఎవరూ చనిపోలేదు. బ్రెజిల్‌లో ఆనకట్ట కట్టి నీరు నిలిచిన చోట్ల కూడా ఇలాంటివి జరుగుతుంటాయి, గుడ్లు పెట్టిన చోట కాలు పెడితే కాపలా ఉన్న చేప ఒక్క కాటు వేసి పోతుంది. కోడిపిల్లల జోలికెళ్తే తల్లికోడి పొడిచినట్టే. గుంపు మీదపడి ఎముకలు మిగల్చడం వేరే సంగతి.

ఆ కథ ఇంతలా పాకడంలో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ చెయ్యి ఉంది. 1913లో ఆయన బ్రెజిల్ వెళ్లాడు, 1914లో వచ్చిన పుస్తకంలో వీటిని ప్రపంచంలోకెల్లా క్రూరమైన చేపలుగా వర్ణించాడు. ఆయన వస్తున్నాడని అక్కడివాళ్లు నదిలో కొంత మేర వలలు కట్టి, పిరానాల్ని పోగేసి, రోజుల తరబడి తిండి లేకుండా మాడ్చి, అప్పుడు ఆవుని తోశారని చెప్పుకుంటారు. గట్టు కాపలా గారూ, మీ చెరువుకి నాలుగు రోజులు మేత ఆపి చల్లి చూడండి, ఎలా ఉంటుందో.

గట్టు కాపలా (ఆకివీడు):
ఆపక్కర్లేదు మేష్టారూ, రోజూ పొద్దున్న మేత పడవ శబ్దానికే నీళ్లు ఉడికినట్టు ఉడుకుతాయి. తెలియనివాడు చూస్తే పిరానాలనే అంటాడు.

ఉండి కుర్రోడు:
చేప లేదండి, అత్తయ్య నిన్ననే పులుసు పెట్టేసింది. పిల్లల్ని తినేసే చేపని వండటానికి మాత్రం భయం లేదు ఆవిడకి. తల పిల్లికి వేయబోతుంటే ఆపి నోరు తెరిచి చూశాను, మీరన్నట్టే బల్లపరుపు పళ్లు, మా తాతగారి కట్టుడు పళ్లలా ఉన్నాయి. ఫోటో పెట్టాను చూడండి.

గట్టు కాపలా (ఆకివీడు):
రూప్‌చందే, అనుమానం లేదు. ఇంకోటి పడితే జాలిపడి మళ్లీ కాలువలో వదలకండి, మన నీళ్ల చేప కాదది. పిల్లాణ్ని పంపండి గానీ లాకుల దగ్గరికి వద్దు, అక్కడ వడి పెద్దవాళ్లనే లాగేస్తుంది. పక్కన ఎవరో ఒక పెద్ద మనిషి ఉండాలి.

ఉండి కుర్రోడు:
సాయంత్రం నేనే దిగుతున్నా వాడితో. అత్తయ్య గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చుంటానంది, చేపలకట.