క్లీవ్: చీల్చడమా, హత్తుకోవడమా? (వేమన ఇనుము పద్యం గురించి కూడా)

శరన్మేఘం:
రెండు రోజులుగా ఒక పద్యపాదం సగం గుర్తొచ్చి వేధిస్తోంది. మొదలైంది ఇంగ్లీషు దగ్గర. మా అమ్మాయికి పాఠంలో క్లీవ్ అనే మాట తగిలింది. 'హామ్లెట్'లో తల్లి 'నా గుండెను రెండుగా చీల్చావు' అంటుంది కదా, అక్కడి 'క్లెఫ్ట్' దీని రూపమే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, ఆదికాండం రెండో అధ్యాయంలో, పురుషుడు 'తన భార్యను హత్తుకొనును' అన్నచోటా ఇదే మాట. చీల్చడానికీ హత్తుకోవడానికీ ఒకే మాట ఏంటమ్మా అని అడిగింది. విరగడం, అతకడం రెండూ ఉన్న పద్యం ఒకటి చెబుదామని వేమన ఇనుము పద్యం ఎత్తుకున్నాను. 'ఇనుము విరిగెనేని యిరుమారు ముమ్మారు, కాచి యతుకవచ్చు గ్రమముగాను' వరకు బాగానే వచ్చి, 'మనసు విరిగెనేని మరి...' దగ్గర ఆగిపోయాను. తర్వాత 'అతుకవచ్చునా'నా, 'అంటనేర్చునా'నా? రెండూ నోట్లో ఆడుతున్నాయి.

తాళపత్రం:
ముందు క్లీవ్ సంగతి. అది ఒక మాట కాదండీ, రెండు. పాత ఇంగ్లీషులో చీల్చడానికి క్లేఓఫన్, అంటుకోవడానికి క్లిఫియన్. పలికి పలికి అరిగిపోయి రెండూ ఒకే రూపంలోకి వచ్చిపడ్డాయి. జర్మన్లో ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి: క్లీబెన్ అంటే చీల్చు, క్లేబెన్ అంటే అంటు. మొదటిదానికి గ్రీకులో 'చెక్కు' అనే అర్థమున్న మాట చుట్టం, హైరోగ్లిఫ్‌లోని గ్లిఫ్ అక్కడిదే. రెండోదానికి బంకమట్టి క్లే, జిగురు గ్లూ చుట్టాలు.
పద్యంలో 'అంటనేర్చునా'. అనుమానమే లేదు.

ప్రవాసి:
వంటింట్లోనూ ఇలాంటి జంట ఒకటుంది. వెల్లుల్లి రెబ్బ క్లోవ్, లవంగమూ క్లోవ్. రెబ్బ 'చీల్చు' కుటుంబంలోది, పాయ నుంచి విడదీసింది కాబట్టి. లవంగానికి పేరు ఫ్రెంచి వాళ్ళ మేకు నుంచి వచ్చింది. ఒక లవంగం అరచేతిలో పెట్టుకుని చూడండి, తలకట్టుతో సహా అచ్చం చిన్న మేకే.

పెన్నేటి గాలి:
అనుమానమే లేదంటే ఎట్లా మాస్టారూ? మా అయ్యవారు 'మరియతుకవచ్చునా' అనే చెప్పించినారు. అర్థం కూడా అట్లే సరిపోతుంది. పై పాదంలో 'కాచి యతుకవచ్చు' అన్నాడు, కింద అదే మాటను తిప్పి అడుగుతున్నాడు. మాట మార్చాల్సిన పనేముంది?

తాళపత్రం:
గణాలు, అంటే లఘుగురువుల గుంపులు, వేసి చూడండి. ఇది ఆటవెలది, ఈ పాదంలో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి. మనసు, విరిగె, నేని... మూడు సూర్యగణాలు అయ్యాయి. తర్వాత 'మరియతు' నలం అనుకుంటే 'కవచ్చునా' మిగులుతుంది. లఘువు, గురువు, లఘువు, గురువు. అది ఏ ఇంద్రగణం? అదే 'మరియంట' సలం, 'నేర్చునా' రగణం, రెండూ ఇంద్రగణాలే. యతి ఎటూ 'మ'కు 'మ' కుదిరింది.

పెన్నేటి గాలి:
సరే, 'అతుక' పోయింది, ఒప్పుకుంటా. కానీ 'మరియంటవచ్చునా' అని కూడా విన్నాను. 'వచ్చునా' కూడా రగణమే కదా. ఇప్పుడు మీ ఛందస్సు ఏ పక్షం?

తాళపత్రం:
ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు, నిజమే. సి.పి. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించే నాటికే రాతప్రతికో రకం పాఠం ఉండేది. కానీ నేను 'నేర్చునా'నే పట్టుకుంటాను, ఎందుకో చెబుతాను. అతకడం ఇంకొకరు చేసే పని. ఇనుముకు కమ్మరి ఉన్నాడు, కొలిమి ఉంది, రెండుసార్లు కాకపోతే మూడోసారి కాచి అతుకుతాడు. అంటడం అలా కాదు, ఆ వస్తువు తనంతట తాను చేయాల్సిన పని. అందుకే ఇనుముకు 'అతుకవచ్చు' అన్నవాడు మనసు దగ్గరికి వచ్చేసరికి 'అంట' అన్నాడు. విరిగిన మనసును అతికే కమ్మరి లేడు, దానికదే అంటాలి. 'వచ్చునా' అంటే వీలవుతుందా అని బయటినుంచి అడిగినట్టు ఉంటుంది. 'నేర్చునా' అంటే దానికి చేతనవుతుందా అని మనసునే అడిగినట్టు ఉంటుంది. నాలుగు పాదాల్లో ఒక్క క్రియ మార్చి ఇంత చెప్పగలిగినవాడిని నేను ఇంకెక్కడా చూడలేదు. ముప్పై ఏళ్ళుగా చదువుతున్నా ఆ 'అంట' దగ్గర ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

శరన్మేఘం:
ఎంత బాగా చెప్పారండీ. క్లీవ్‌లోనూ ఇదే తేడా ఉంది చూడండి! చీల్చే క్లీవ్‌కు చీల్చేవాడు ఒకడు కావాలి. అంటుకునే క్లీవ్‌కు ఎవరూ అక్కర్లేదు.

పెన్నేటి గాలి:
నాకు ఆ 'హత్తుకొనును' మీద ఉంది ధ్యాస. 137వ కీర్తనలో 'నా నాలుక నా అంగిటికి అంటుకొనును గాక' అన్నచోట ఇంగ్లీషులో క్లీవే. రూతు గ్రంథంలో కోడలు అత్తను వదలకపోతే 'హత్తుకొనెను', అక్కడా క్లీవే. అంటే మనవాళ్ళు నాలుకకు ఒక మాట, మనిషికి ఒక మాట ఎంచుకున్నారు. ఇంతకీ ఆ హకారం ఎక్కడిది? అచ్చతెలుగు మాట 'హ'తో మొదలవడం అరుదు. నా లెక్కలో అది కన్నడం నుంచి వచ్చింది. పాత కన్నడంలో 'ప'తో మొదలయ్యే మాటలు తర్వాత 'హ' అయినాయి. పాలు హాలు అయింది, పులి హులి అయింది. అట్లే 'పత్తు' 'హత్తు' అయింది. మన 'పట్టు', తమిళుల 'పఱ్ఱు' దాని తోబుట్టువులే. మా సరిహద్దు ఊళ్ళ మీదుగా ఇటు వచ్చింటుంది.

శరన్మేఘం:
మా అమ్మమ్మ 'అత్తుకుపోయింది' అనేది, హకారం లేకుండా. చెమటకు జాకెట్టు వీపుకు అత్తుకుపోయింది అని. అప్పుడు అది 'అతుకు' వైపు చుట్టం కాదా?

తాళపత్రం:
నేను ఆవిడ పక్షమే. 'అత్తు'కు పుస్తకాల్లో ఎవరో హకారం తగిలించి ఉంటారు.

పెన్నేటి గాలి:
ఉన్న హకారం పలకడంలో జారిపోవడం రోజూ వింటాం మాస్టారూ. హనుమంతుడు ఎన్ని ఊళ్ళలో అనుమంతుడు కాలేదు? లేని హకారం వచ్చి చేరిన మాట ఒక్కటి చూపించండి.

కడియం మొక్క:
చదువుతూ ఊరుకోలేక రాస్తున్నానండి. మాది నర్సరీ. మీరు చెప్పే రెండు క్లీవులూ మేం రోజూ ఒకే మొక్క మీద చేస్తాం. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్కను పైన కోసేసి, కాండం నడిమధ్య నిలువుగా రెండంగుళాల లోపు చీలుస్తాం. అంతే లావున్న మంచి రకం పుల్ల తెచ్చి, అడుగు రెండు పక్కలా చెక్కి, ఆ చీలికలో దింపుతాం. బెరడు కింద పచ్చటి పొర రెండింటిదీ కలవాలి, కనీసం ఒక పక్కైనా. తర్వాత ప్లాస్టిక్ రిబ్బన్‌తో గట్టిగా చుడతాం. ఇంగ్లీషులో దీన్ని క్లెఫ్ట్ గ్రాఫ్టింగ్ అంటారు, మేం అంటు కట్టడం అంటాం. వాళ్ళు చీల్చడం పేరు పెట్టారు, మనం అంటుకోవడం పేరు పెట్టాం. ఇంకొకటండి, కొమ్మ విరిగితే అది పనికిరాదు. చీలిస్తేనే అంటుతుంది. వేమన గారు 'విరిగెనేని' అనడంలో ఆ తేడా కూడా ఉందేమో చూడండి.

తాళపత్రం:
ఈ 'విరిగెనేని' నాకెప్పుడూ తట్టలేదు. చీలడం వేరు, విరగడం వేరు... రేపు మళ్ళీ పద్యం మొదటినుంచి చదవాలి.

శరన్మేఘం:
కట్టాక అది అంటిందో లేదో ఎలా తెలుస్తుందండీ?

కడియం మొక్క:
మూడు వారాలు అటూ ఇటూగా పుల్ల మీద చిగురు కనబడుతుంది. అప్పుడు 'అంటు పట్టింది' అంటాం.

పెన్నేటి గాలి:
'పట్టింది'! మాస్టారూ, చూసినారా? పట్టు, పత్తు, హత్తు.

తాళపత్రం:
అందులో 'అంటు' కూడా ఉంది కదండీ.